మువ్వ ముట్టని గిన్నె

మా మామగారి దగ్గర పదకొండేళ్లు పనిచేశాను. ఆయన నోటి నుంచి "బాగుంది" అన్న మాట ఒక్కసారే విన్నాను. అదీ ఓ కుక్క గిన్నెను చూసి అన్నాడు. ఆ మాట విన్న సంతోషం ఎన్నాళ్లు నిలిచిందో, ఏమైపోయిందో చెబుతాను. అదంతా ఒక్క వేసవిలోనే జరిగింది.

మాది స్టీలు గిన్నెలకు మెరుగు పెట్టే పని. ముందు వైపు షెడ్డు, వెనక వైపు కాపురం, రెండింటికీ మధ్య నాలుగు మంచాలు పట్టేంత ఖాళీ జాగా. గిన్నెలు మా దగ్గరికి మసిబారి, మచ్చలు పడి వస్తాయి. గుడ్డ చక్రానికి మెరుగు సబ్బు పట్టించి, అది గిరగిరా తిరుగుతుంటే గిన్నెను దానికి ఆనించి నొక్కాలి. నల్లటి జిడ్డు చింది మొహమంతా పడుతుంది. ఆ జిడ్డు కిందనుంచి ఉన్నట్టుండి వెలుగు బయటికొస్తుంది. ఎన్ని వేల గిన్నెలు చేసినా ఆ వెలుగు వచ్చినప్పుడల్లా నా నోరు తెరుచుకునే ఉండేది. జిడ్డు నోట్లో పడేది కూడా.

మామగారి పరీక్ష వేరు. గిన్నెను ఎదురుగా పెట్టి, దాని ముందు వార్తాపత్రిక పట్టుకుంటాడు. గిన్నెలో కనిపించే అక్షరాలు, తిరగబడే ఉంటాయనుకోండి, గుణింతాలతో సహా చదవగలిగితే దాన్ని కుడివైపు పెడతాడు. లేకపోతే ఎడమవైపు. ఎడమవైపు అంటే మళ్లీ చెయ్యాలని. నా చేతి గిన్నెలు ఎడమవైపు పుట్టలా పేరుకునేవి. కుడివైపుకి వెళ్లినవాటికి కూడా ఓ మెచ్చుకోలు లేదు, పాడు లేదు.

"ఏం తక్కువైంది మామయ్యగారూ?" అని అడగడానికి వీల్లేదు. అడిగినా ఆయనకు వినపడదు. నలభై ఏళ్లు ఆ చక్రం పక్కన నిలబడితే దాని మోత ఆయన చెవులు రెండూ తినేసింది. కూతురి పెదాలు చూసి మాట పోల్చుకుంటాడు. నావి మాత్రం పోల్చుకోలేడు. "మీ ఆయన మాట్లాడుతున్నాడో, మీసం ఆడిస్తున్నాడో తెలిసి చావదే" అనేవాడు మా ఆవిడతో, నేను పక్కనుండగానే. అందుకని నాకూ ఆయనకూ మధ్య ఒక పలక, ఒక బలపం, నాలుగు చేతి సైగలు.

ఆయనకు చెవులంటే మువ్వే. గోధుమరంగు కుక్క. దానికి ఎవరూ ఏమీ నేర్పలేదు. గేటు దగ్గర మనిషి నిలబడితే వచ్చి ఆయన మోకాలికి ముక్కు ఆనించేది. పొయ్యి మీద పాలు పొంగుతుంటే చొక్కా అంచు పట్టుకు లాగేది. ఒకసారి మోటారు నుంచి కాలిన వాసన వస్తోందని ఎదురుగా నిలబడి మొరిగి మొరిగి, లాభం లేక రెండు కాళ్లూ ఆయన గుండెల మీద వేసి వెనక్కి నెట్టేసింది. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడో లేదో మోటారు భగ్గుమంది. అప్పటినుంచి మాతో పది మాటలు మాట్లాడితే దానితో వంద మాట్లాడేవాడు. అది బదులు చెప్పినట్టే మళ్లీ తనే జవాబిచ్చుకునేవాడు.

ఆ వేసవి మొదట్లోనే కుళాయి కింద ఉన్న పాత సిమెంటు తొట్టి ఎండకి నిలువునా చీలింది. మువ్వ పుట్టి బుద్ధెరిగాక అందులోనే నీళ్లు తాగేది. దానికి కొత్త గిన్నె కావాలి. ఇదే సందనుకుని నేను పూనుకున్నాను.

గొప్ప చెప్పుకోవడం కాదుగానీ, బుర్ర పెట్టే ఎంచాను. మూతి ఇరుకైనది పనికిరాదు, దాని మీసాలు అంచుకు రాసుకుంటాయి. లోతైనది వద్దు, ముసలి మెడ వంగదు. పల్చనిది పెడితే ముక్కుతో నెట్టుకుంటూ ఊరంతా తిప్పుతుంది. అడుగు మందంగా, వెడల్పుగా, అంచు మడిచి ఉన్న పళ్లెంలాంటి గిన్నె ఒకటి దొరికింది. పని అయ్యాక మూడు సాయంత్రాలు దాని మీద కూర్చున్నాను. గిన్నెకు బయట మెరుగు ఎవరైనా పెడతారు. లోపల పెట్టాలంటే చిన్న చక్రంతో, ఊపిరి బిగబట్టి చెయ్యాలి.

మామగారు పత్రిక పట్టుకుని చూశాడు. తర్వాత పత్రిక పక్కన పడేసి, గిన్నెలోకి మొహం పెట్టి చాలాసేపు చూసుకున్నాడు.

"బాగుంది" అన్నాడు.

వాకిలి ఊడుస్తున్న మా ఆవిడ చీపురు ఆగిపోయింది. "ఏమన్నావు నాన్నా?"

"చెవుడు నాకా నీకా? బాగుందన్నాను."

ఆ పూట నేను ఏనుగెక్కినట్టే తిరిగాను. "కుక్క గిన్నెకే ఇంత మిడిసిపాటైతే రేపు అన్నం గిన్నె చేస్తే మిమ్మల్ని పట్టలేం" అని మా ఆవిడ ఆటపట్టించింది. అననీ. పదకొండేళ్ల ఆకలి నాది.

రెండు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం గిన్నెలు తెచ్చిన బండివాడు గేటు దగ్గర నిలబడి అరిచి గీపెట్టి, చివరికి గోడ దూకి లోపలికొచ్చాడు. మా ఆవిడ బజారుకెళ్లింది. నేను చక్రం మీదున్నాను. మామగారు గేటుకి వీపు పెట్టి సబ్బు ముక్కలు కోస్తున్నాడు. ఎదురుగా మువ్వ పడుకుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. లేవలేదు.

ఆయన కత్తి కింద పెట్టేసి దాని తల ఒళ్లోకి తీసుకున్నాడు. "ఏమైందే? ఏమైందే నీకు?" అని గట్టిగా అడుగుతున్నాడు. అది తోక ఒక్కసారి నేలకేసి కొట్టింది, అంతే.

పశువుల డాక్టరమ్మ సాయంత్రం వచ్చింది. మువ్వ మెడ వెనక చర్మం రెండు వేళ్లతో పట్టి ఎత్తి వదిలింది. వదిలితే టక్కున సర్దుకోవాలి కదా, అది గుడారంలా అలాగే నిలబడి, తీరిగ్గా కిందికి దిగింది. పెదవి ఎత్తి చిగురు మీద వేలు పెడితే వేలికి అంటుకుంది.

"ఒంట్లో నీళ్లు లేవండి. ఇరవై కిలోల కుక్క ఈ ఎండలకి రోజుకి లీటరు పైనే తాగాలి. ఇది అందులో పావు కూడా తాగుతున్నట్టు లేదు. కిడ్నీలు అలసిపోయి ఉంటాయి" అంది. చర్మం కిందికి సెలైను ఎక్కించింది, రక్తం తీసుకుంది. "ఇది ఇవాళ్టికి గట్టెక్కిస్తుంది. రెండ్రోజులకోసారి వచ్చి ఎక్కిస్తాను. పది రోజుల్లో అదంతట అది తాగడం మొదలుపెడితే పర్వాలేదు. తాగకపోతే, ఈ వయసులో సూదుల మీద ఎన్నాళ్లు నిలబెడతాం చెప్పండి?"

మా ఆవిడ ఒక్కొక్క మాటా పెదాలతో తండ్రికి చెప్పింది. పది రోజులు అన్నది వేళ్లతో చూపించింది.

"నీళ్లు దేంట్లో పెడుతున్నారు?" అని అడిగింది డాక్టరమ్మ. చూపించాం. వేలితో టంగున కొట్టి చూసింది. "స్టీలే మంచిది. ప్లాస్టిక్కైతే గీతలు పడి పాచి చేరుతుంది. వెడల్పుంది, బరువుంది. ఇంతకంటే ఏం కావాలి? రోజూ తోమండి, పొద్దునా సాయంత్రం నీళ్లు మార్చండి. ఒకటే కాదు, నాలుగుచోట్ల నాలుగు పెట్టండి. ఇంతకీ ఇలా అద్దంలా చేసిందెవరండీ?" అని అందులో చూసుకుంటూ చెంపల మీద జుట్టు సర్దుకుంది.

అంత దుఃఖంలోనూ నేను "నేనే" అన్నాను. సిగ్గులేని జన్మ.

ఆమె వెళ్లిపోయాక మామగారు మువ్వ పక్కన కూర్చున్నాడు. "మువ్వ పోతే నేను మిషను కట్టేస్తాను" అన్నాడు కూతురితో. "చక్రం తగలబడుతున్నా నాకు తెలీదు. వచ్చినవాడెవడో, పోయినవాడెవడో తెలీదు. గోడల మధ్య గోడలా కూర్చోవాలి." నలభై ఏళ్లు ఆ చక్రంతో బతికిన మనిషి అన్న మాట అది.

నాలుగుచోట్ల నాలుగు గిన్నెలు పెట్టాం. మెరుగు పెట్టేవాళ్ల ఇల్లు కదా, నాలుగూ ఒకదాన్ని మించి ఒకటి మెరిసేవే. నాదేమో జాగాలో, రేకు నీడన. మువ్వ వాటి మధ్య, దొంగ ఇల్లు కనిపెట్టినట్టు గోడలంట తిరిగేది. దగ్గరికెళ్లేది, ఆగేది, పక్కకి తప్పుకునేది. చెంచాతో నోట్లో పోస్తే సగం కిందికి కారిపోయేది. మా ఆవిడ మట్టి మూకుడొకటి తెచ్చింది. మువ్వ దాని వాసనైనా చూడకముందే మామగారు తీసుకెళ్లి వీధి చివర దర్జీవాడికి ఇచ్చేసి వచ్చాడు.

"మెరుగు పెట్టేవాళ్ల గుమ్మంలో మట్టి మూకుడా? నలుగురూ నవ్విపోతారు. అంత మంచి గిన్నె ఉండగా!" అన్నాడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషి. పైగా మంచి గిన్నె అన్నది నాదాన్ని. నేనెందుకు కాదంటాను?

మూడో రోజు నా గిన్నెలో నీళ్లు అంగుళం తగ్గాయి. ఇంటిల్లిపాదీ పండగ చేసుకున్నంత పని చేశాం. మర్నాడు చూద్దును కదా, ఓ కాకి అందులో దర్జాగా స్నానం చేస్తోంది. ఆ వేసవికి మా ఇంట్లో బాగా తేరుకున్నది ఆ కాకి ఒక్కటే.

అదే రోజు ఇంకోటి చూశాను. షెడ్డు వెనక గిన్నెలు జాడించే తొట్టి ఉంటుంది. నల్లటి తొట్టి, బూడిదరంగు నీళ్లు, పైన సబ్బు తెట్టు. మువ్వ అందులో మూతి పెట్టి నాకుతోంది! "ఛీ, అవతలికి పో!" అని అదిలించి తోలేశాను. విషం కాదూ అది! ఆ తొట్టి మీద చెక్క వేసి, చెక్క మీద రాయి పెట్టాను. ఏదో ఘనకార్యం చేసినట్టు మా ఆవిడకి చెప్పాను కూడా. ఆ చెక్క వేసిన దగ్గర్నుంచి మువ్వ ఇంకా పడిపోయింది. అది అక్కడ రోజూ తాగుతోందని గాని, ఆ కాసిని మురికి నీళ్లతోనే ప్రాణం నిలుపుకుంటోందని గాని నా మట్టిబుర్రకి తట్టలేదు.

ఏడో రోజు మధ్యాహ్నం. చక్రం ఆపి షెడ్డు గుమ్మంలో కూర్చున్నాను. మామగారు భోజనం ముందు పెట్టుకుని తినకుండా చూస్తున్నాడు. మువ్వ లేచింది. కాళ్లు వణుకుతున్నాయి. నా గిన్నె వైపు నాలుగడుగులు వేసింది. అంచు దాకా వచ్చి తల వంచింది.

దాని మొహం మీద ఓ వెలుగు ముద్ద పడి కదిలింది. మువ్వ కళ్లు చికిలించింది. ఆ కళ్లలో అప్పటికే పల్చటి తెల్లటి పొర ఉంది. తోక కాళ్ల మధ్యకి పోయింది. గిన్నెలోకి చూస్తూ గొంతులో చిన్నగా గుర్రుమంది. వెనక్కి, వెనక్కి జరిగింది. షెడ్డు వెనక్కి వెళ్లి, నేను వేసిన చెక్కను ముందుకాలితో గీకడం మొదలుపెట్టింది.

లేచి వెళ్లి గిన్నె ముందు బోర్లా పడుకున్నాను. గడ్డం నేలకి ఆనించి, కుక్కంత ఎత్తులో తల పెట్టి చూశాను.

"ఏమండీ, మీరూ తాగుతారా ఏమిటి?" అంది మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి.

గిన్నెలో నీళ్లు లేవు. ఉన్నాయి, అంచు దాకా ఉన్నాయి, నేనే పొద్దున పోశాను. కానీ కనిపించడం లేదు. నీడన పెడితే ఏం, ఆకాశమంతా అందులోనే ఉంది. రేకు అంచున ఎండ కత్తిలా మెరిసి కంట్లో పొడుస్తోంది. దాని వెనకనుంచి ఇంత లావు మొహం ఒకటి నా మీదికి వస్తోంది. నా మొహమే! తెలిసి కూడా ఉలిక్కిపడ్డాను. నేను చేసిన పని ఎంత గొప్పగా ఉందంటే, అందులో నీళ్లు ఉన్నాయని ఏ ప్రాణికీ తెలిసే దారి లేదు.

నిజం చెప్పొద్దూ, మొదట పాడు ఆలోచనే వచ్చింది. ఎక్కణ్ణుంచో పాత కుండ పెంకు ఒకటి తెచ్చి మూలన పడేస్తే సరిపోదా అని. ఆయనకి చెప్పకపోతే ఏం, నా "బాగుంది" నాకుంటుంది. అక్కడ మువ్వ చెక్కను గీకుతూనే ఉంది. గోళ్ల చప్పుడు నాకు వినపడుతోంది, ఆయనకి వినపడదు.

వెళ్లి మామగారి చెయ్యి పట్టుకుని లాగాను. పలక జోలికి పోలేదు. గిన్నె దగ్గరికి తీసుకొచ్చి నేల చూపించాను. నేను పడుకుని చూపించాను. "వీడికేమైనా పిచ్చెక్కిందా?" అన్నట్టు కూతురి వైపు చూశాడు. అయినా దిగాడు. డెబ్భై ఏళ్ల మోకాళ్లు టకటకమన్నాయి. రెండు చేతులూ నేలకి ఆనించి, మువ్వలాగే తల వంచి చూశాడు.

లేచాడు. మోకాళ్ల దుమ్ము కూడా దులుపుకోకుండా షెడ్డులోకి వెళ్లాడు. మా ఆవిడ నా చొక్కా పట్టుకుంది, "ఏమన్నారు నాన్నని?" అంటూ. ఆయన గరుకు కాగితం ముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు.

నేను దాన్ని తిరిగి ఆయన చేతిలోనే పెట్టబోయాను.

"చేసింది నువ్వేగా అల్లుడూ" అన్నాడు, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా. "నువ్వే తియ్యాలి."

నీళ్లు పారబోసి, కళ్లు మూసుకున్నంత పని చేసి గోకాను. మొదటి గీత పడగానే ఏడుపొచ్చింది. వెంటనే చేతి మీద చట్టున దెబ్బ పడింది.

"గోకకు! గాడి పడితే పాచి పడుతుంది, మళ్లీ దానికే రోగం. తడి చెయ్యి. సన్న కాగితం తీసుకో. ఇలా." నా వెనక కూర్చుని, నా చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. గిన్నె నడుమ నుంచి అంచుకి, గుండ్రంగా, ఒకటే వైపు, ఒకటే బరువుతో. పదకొండేళ్లలో ఆయన నా చెయ్యి పట్టుకుని నేర్పడం అదే మొదలు. ఎడమవైపు పెట్టిన గిన్నెలన్నీ ఎందుకు పెట్టాడో ఆ అరగంటలో నాకు అర్థమైంది. నేను ఎప్పుడూ అంచు దగ్గర తొందరపడతాను. ఆయన వేళ్లు నా వేళ్లను అక్కడికి రాగానే ఆపుతున్నాయి, ప్రతిసారీ.

మెరుగు చచ్చిపోతుందనుకున్నాను. చావలేదు. వర్షం ముందు మబ్బు ఉంటుందే, అలా మెత్తగా, బూడిదరంగుగా దిగింది. ఎక్కడా ఒక్క గాడి లేదు. చెయ్యి వేస్తే పసిబిడ్డ చెంపలా ఉంది. వేల గిన్నెలు మెరిపించిన ఆ మనిషికి వెలుగు ఆర్పడం కూడా ఇంత బాగా వచ్చునా అని నోరెళ్లబెట్టి చూస్తుండిపోయాను.

శుభ్రంగా మూడుసార్లు కడిగి నీళ్లు పోశాను. పోస్తుంటే కనిపించాయి. నీళ్లు నీళ్లలాగా కనిపించాయి! మా ఆవిడ మువ్వను ఎత్తుకొచ్చి కొంచెం దూరంలో దింపింది. ముగ్గురం గోడకి అతుక్కుపోయి నిలబడ్డాం.

మువ్వ వచ్చింది. ఆగింది. తల వంచింది. గిన్నెలోకి చూసింది. ముక్కు కొసతో నీళ్లను తాకి, ఉలిక్కిపడి తల ఎత్తి, మళ్లీ దించింది.

తాగింది.

కుక్క నీళ్లు తాగడం నేను పుట్టి పెరిగి ఎన్నిసార్లు చూశానో. చూశానని అనుకున్నాను. నాలుకను ముందుకు కాదు, వెనక్కి, గడ్డం వైపు మడుస్తుంది. మడిచిన ఆ కొసతో నీళ్లను తాకి చటుక్కున లాగుతుంది. నీళ్లు దాని వెంట సన్నటి తీగలా లేస్తాయి. ఆ తీగ తెగి కింద పడేలోపు నోరు మూసి అందుకుంటుంది. ఒకటి, మళ్లీ ఒకటి, మళ్లీ ఒకటి. రెప్ప వేసేంతలో మూడు. ఏ మిషను చేస్తుంది ఆ పని? ఏ పనివాడు పెట్టగలడు ఆ నాలుకకి ఆ ఒడుపు? నా కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

పదో రోజున డాక్టరమ్మ చర్మం పట్టి వదిలితే టక్కున సర్దుకోవడం, ఇక సూది అక్కర్లేదనడం, మిగతా మూడు గిన్నెల వెలుగూ మేమే ఆర్పడం, మువ్వ ఆ తర్వాత ఇంకో రెండు వేసవులు మామగారి మోకాలికి ముక్కు ఆనించడం, అవన్నీ తర్వాతి సంగతులు. ఆ మధ్యాహ్నం మాత్రం అది ఇంకా తాగుతూనే ఉంది.

మామగారు చప్పుడు కాకుండా వెళ్లి దాని పక్కన కూలబడ్డాడు. అరచెయ్యి దాని గొంతు కింద పెట్టాడు. మువ్వ ఆగలేదు. ఆయన కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి రెండో చేత్తో తడుముకుని నా చెయ్యి పట్టి లాగి, తన చెయ్యి తీసి, నా చేతిని అక్కడ పెట్టాడు. వెచ్చటి గొంతు. దాని లోపల గుటక వెనక గుటక, చిన్న గుప్పిటతో తలుపు తట్టినట్టు, నా అరచేతిలోకి కొడుతోంది.

"వినపడిందా?" అన్నాడు.

తల ఊపాను.

"అబ్బ, ఎంత చప్పుడో!" అన్నాడు మా మామగారు.